సిటీ హ్యూమన్ రైట్స్ కమిషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు ఈఈఓసీకి (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే అమెరికా ఫెడరల్ సంస్థ) కూడా చేరినట్టు తెలిసేదెలా?

అమెరికాలో సిటీ, కౌంటీ కమిషన్ల కేసులు చూసినవాళ్లు కాస్త చెప్పండి. ఉద్యోగ వివక్షపై ఈఈఓసీకి ఫిర్యాదు చేసే గడువు మామూలుగా 180 రోజులు. అదే వివక్షను నిషేధించే చట్టాన్ని అమలుచేసే రాష్ట్ర లేదా స్థానిక ఏజెన్సీ ఉంటే 300. లెక్క తొలగింపు నోటీసు అందిన రోజు నుంచి, చివరి పనిరోజు నుంచి కాదు (చాలామంది పొరపడేది ఇక్కడే). ఇంతవరకు స్పష్టమే.

చిక్కల్లా సిటీ, కౌంటీ కమిషన్లతోనే. కొన్నిటికి విచారణ అధికారం ఉంటుంది, ఈఈఓసీతో ఒప్పందమూ ఉంటుంది. కొన్ని ఉత్త సలహా సంఘాలు, రాజీ కుదర్చడంతో సరి. వాటికి ఫారం ఇచ్చి కూర్చుంటే ఫెడరల్ గడువు కాస్తా దాటిపోతుంది.

రెండుచోట్లా దాఖలైందనడానికి ఏ కాగితం అడగాలి? ఇన్‌టేక్ ఫారంలో (మొదట వివరాలు రాసిచ్చేది) టిక్కు సరిపోతుందా, సంతకం చేసిన ఛార్జ్ (లాంఛనమైన ఫిర్యాదు పత్రం), ఈఈఓసీ నంబరు చేతికి రావాల్సిందేనా?