ఒకే తరగతిలో మూడు స్థాయిల పిల్లలు: పని వేరు చేయడం ఎలా?

ప్రశ్న (5వ తరగతి ఉపాధ్యాయిని)
నా తరగతిలో 31 మంది ఉన్నారు. బడి తెరిచిన వారంలో ఒక్కొక్కరి చేత చదివించి చూస్తే, 9 మంది కథను ధారాళంగా చదివారు, 14 మంది వత్తులున్న పదాల దగ్గర ఆగిపోయారు, 8 మంది గుణింతాల్లోనే తడబడ్డారు. మూడు జట్లకు మూడు పనులు ఇస్తే, నేను ఒక జట్టు దగ్గర కూర్చున్నంతసేపూ మిగిలిన రెండూ గోలలో పడుతున్నాయి. పైగా తేలిక పని అందుకున్నవారు "మాకు చిన్నపిల్లల లెక్కలా?" అని చిన్నబుచ్చుకుంటున్నారు. తోటి ఉపాధ్యాయులు దీన్ని ఎలా నెగ్గుకొస్తున్నారు?

సమాధానం 1
మేడమ్, లెక్కను మార్చకండి, దాన్ని చేసే దారిని మార్చండి. నేను బోర్డు మీద 52 − 27 ఒక్కటే రాస్తాను. కొందరికి పదేసి పుల్లల కట్టలు ఐదు, విడిగా రెండు పుల్లలు ఇస్తాను. ఏడు తీయాలంటే కట్ట విప్పక తప్పదని వారి చేతులకే తెలుస్తుంది. కొందరు పలక మీద చేసి, వచ్చిన జవాబుకు 27 కలిపి సరిచూసుకుంటారు. చురుకైనవారికి మాత్రం "ఒకడు 35 అని రాశాడు, ఎక్కడ పొరబడ్డాడు?" అని అడుగుతాను, రెండులోంచి ఏడు పోదు కాబట్టి వాడు ఏడులోంచి రెండు తీసేశాడని కనిపెట్టి, మాటల్లో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. చివరికి అందరి జవాబూ 25 కాబట్టి, ఎవరిది చిన్న లెక్క అన్న మాటే రాదు.

సమాధానం 2
చదవలేని పిల్లవాడు అర్థం చేసుకోలేడని అనుకోవడమే మనం తరచుగా చేసే పొరపాటు. కథను అందరికీ నేనే చదివి వినిపించి, చర్చ కూడా కలిపే జరిపిస్తాను. ఆ తరువాతే పని వేరవుతుంది: ఒకరు వత్తులు లేని పదాలను ఏరుతారు, ఇంకొకరు "కప్ప", "గుడ్డు" వంటి ద్విత్వాలు దాటి "పుస్తకం", "సూర్యుడు" వంటి సంయుక్తాలకు వెళతారు, మిగిలినవారు కథకు వేరే ముగింపు రాస్తారు.

గోల సంగతికి వస్తే, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యాసంస్థ వారు పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతిని గమనించండి. అందులో పాఠం చిన్న చిన్న మెట్లుగా ఉంటుంది. ఏ కార్డు ఉపాధ్యాయుడితో చేయాలో, ఏది తోటివారితో, ఏది ఒంటరిగా చేయాలో పిల్లలకు ముందే తెలుసు. మనం ఒకే గంటలో మూడు జట్లకూ మన సాయం కావలసిన పనులే ఇస్తున్నామేమో చూసుకోవాలి.

సమాధానం 3
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను కానీ, ఒక హెచ్చరిక. ఆ 9 మందిని రోజూ పక్కవారికి నేర్పే పనిలో పెట్టవద్దు. వారూ నేర్చుకోవడానికే వచ్చారు. జట్లను కూడా ఏడాదంతా అలాగే ఉంచకూడదు. చదువులో వెనుకబడిన మా విద్యార్థి ఒకడు, సంతలో తల్లి పక్కన కూర్చుని చిల్లర లెక్కించే అలవాటు వల్ల, నోటి లెక్కల్లో అందరికంటే ముందుంటాడు.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. సోమవారం తీసివేతతోనే మొదలుపెడతాను. పుల్లల కట్టలు కట్టే పనిని మాత్రం తరగతి మొత్తానికీ అప్పగిస్తాను.