0.3 మి.మీ. ప్రోబ్ మొన గుండ్రదనం: సీఎంఎం (ప్రోబ్‌తో తాకి కొలిచే యంత్రం) క్వాలిఫికేషన్ సరిపోతుందా, విడిగా కొలవాలా?

గాజులమండ్యం క్యూసీ:
ప్రోబ్ మొనకుండేది టంగ్‌స్టన్ కార్బైడ్ బాల్, 0.3 మి.మీ., గ్రేడ్ 5 అనుకుందాం. ఆ గ్రేడ్‌కు గోళాకారంలో లోపం 0.13 మైక్రాన్ దాటకూడదు. క్వాలిఫికేషన్‌లో, అంటే కొలత తెలిసిన రిఫరెన్స్ గోళాన్ని తాకించి ప్రోబ్‌ను సరిచూసేటప్పుడు, 25 పాయింట్లు తీస్తే ఫామ్ ఎర్రర్ (ఆకారంలో లోపం) 0.9 మైక్రాన్ వచ్చిందని బాల్ పారేయడం తొందరపాటు. టచ్ ట్రిగర్ ప్రోబ్ (తాకగానే సిగ్నల్ ఇచ్చేది) లోపలి మెకానిజం మూడు చోట్ల ఆని ఉంటుంది. తాకే దిక్కును బట్టి ట్రిగర్ అయ్యే దూరం మారుతుంది. అందుకే రీడింగులో మూడు ఉబ్బులు కనిపిస్తాయి; ఆ ఆకారం బాల్‌ది కాదు, ప్రోబ్‌ది.

శ్రీసిటీ గేజ్‌రూమ్:
ఒప్పుకుంటా అన్నా. మరి రెండింటినీ విడదీసేదెలా? స్టైలస్‌ని (బాల్ ఉన్న కాడని) 120 డిగ్రీలు తిప్పి చూడమంటారు, అది తప్పు. బాల్‌కీ మూడు ఉబ్బులుంటే, అవి 120కి మళ్ళీ అదే చోట కూర్చుంటాయి. 60 తిప్పాలి. అప్పుడు బాల్ ఉబ్బు ఉన్నచోటికి పల్లం వస్తుంది, ప్రోబ్‌ది కదలదు. రెండు రీడింగుల తేడాలో సగం బాల్‌ది. కానీ స్టైలస్‌ని బిగించే ఎం2 (2 మి.మీ.) మర 60 డిగ్రీలు వెనక్కి తిప్పితే బిగువు పోతుంది. అందుకే రౌండ్‌నెస్ మెషీన్ (ముక్క చుట్టూ కాంటాక్ట్ మొన ఆనించి గుండ్రదనం గ్రాఫ్ గీసేది) మీదే కొలవాలంటాను.

చిత్తూరు టూల్‌రూమ్:
అక్కడా చిక్కుంది సార్. సూదిమొన కాంటాక్ట్‌తో కొలిస్తే, సెంటరింగ్ తప్పు (బాల్ కేంద్రానికీ, తిరిగే ఇరుసుకీ మధ్య ఎడం) వర్గాన్ని బాల్ వ్యాసంతో భాగించినంత దొంగ కోలతనం వస్తుంది. 5 మైక్రాన్లు తప్పితే 25 బై 300, అంటే 0.083 మైక్రాన్. గ్రేడ్ 5 హద్దులో దాదాపు మూడింట రెండు వంతులు ఉత్తపుణ్యానికి పోతాయి. అదే తప్పు 25 మి.మీ. గోళం మీద 0.001 మాత్రమే. పెద్ద గోళాలకు అలవాటైన చేతికి ఇది తట్టదు. సెంటరింగ్ 2 మైక్రాన్ల లోపు తేవాలి.

గాజులమండ్యం క్యూసీ:
చదును కాంటాక్ట్ వాడితే ఆ కోలతనం రానే రాదు. అయితే కార్బైడ్ పెచ్చు లేచిన గుంట దానికి కనపడదు, మైక్రోస్కోపు కింద విడిగా చూడాలి.

చిత్తూరు టూల్‌రూమ్:
మన ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. కాంటాక్ట్ మొనను మోసే 50 మి.మీ. స్టీలు గేజ్ ఆర్మ్ అర డిగ్రీ వేడెక్కితే 0.29 మైక్రాన్ సాగుతుంది. ఒక చుట్టు గ్రాఫ్ మొదలూ చివరా కలవకపోతే ఆ రీడింగ్ కొట్టేయండి.

శ్రీసిటీ గేజ్‌రూమ్:
ఇంకొకటి. కాడ నిలువుగా పెట్టి కొలిస్తే తెలిసేది నడుము చుట్టుకొలతే. జెడ్ (నిలువు) దిక్కులో పనిముక్కను తాకేది అడుగు మొన. కాడను 30 డిగ్రీలు వాల్చితే కొంత దిగుతాం, ఇంకా వాల్చితే కాడే అడ్డొస్తుంది. ఆ అడుగు భాగానికి మాత్రం గాజులమండ్యం అన్న చెప్పిన సీఎంఎం పాయింట్లే గతి.