లివర్ యాక్షన్ రైఫిల్: గురి సాధనకూ, చేన్లోకి వచ్చే అడవి పందులకూ ఒకటే సరిపోతుందా?

దేవరకొండ రైతు:

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గరి పల్లె. పన్నెండు ఎకరాల్లో సగం బత్తాయి తోట, సగం పల్లి చేను. పోయిన ఏడు టెక్సస్‌లో ఉంటున్న మా చిన్నాయన కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు, అక్కడి షూటింగ్ రేంజ్‌లో మొదటిసారి లివర్ యాక్షన్ రైఫిల్ పట్టుకున్నాను. ట్రిగ్గర్ చుట్టూ వంకీలా ఉండే లివర్‌ను కిందికి తోసి పైకి లాగగానే కాలిన తూటా ఖాళీ డొల్ల ఎగిరి పక్కన పడింది, తర్వాతి తూటా గదిలోకి చేరింది. తుపాకిని భుజం మీది నుంచి దించాల్సిన పనే లేకపోయింది. అప్పటి నుంచి అలాంటిది ఒకటి కొనుక్కోవాలన్న కోరిక బలంగా ఉంది.

వారానికి ఒకసారి హైదరాబాద్ వెళ్లి గురి సాధన చేయాలని, పల్లి ఊరే కాలంలో చేను మీద పడే అడవి పందులను కూడా దానితోనే కొట్టాలని నా ఆలోచన. ఏ బోరు (గొట్టం లోపలి కొలత) మంచిది? వించెస్టర్, మార్లిన్, హెన్రీ రైఫిళ్లలో ఏది తీసుకోవాలి? టెక్సస్‌లోని ఆ తమ్ముడు వచ్చేటప్పుడు తీసుకురాగలడా? నా పేర లైసెన్సు లేదు. మా నాయనకు మాత్రం 12 బోరు ఒంటి గొట్టం తుపాకికి చాలా ఏళ్లుగా లైసెన్సు ఉంది.

పాలమూరు నుంచి:

అన్నగారూ, మీరు కంపెనీ పేరుతో మొదలుపెట్టారు కానీ, మన దగ్గర తుపాకి ఎంపిక లైసెన్సు కాగితంతో మొదలవుతుంది. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌ను ఒకసారి నిదానంగా చదవండి. పంట రక్షణ కోసం అడిగేవారికి అందులో చెప్పింది ముందు నుంచి మందు కూరే తుపాకి, అంటే మన పెద్దలు బర్మార్ అని పిలిచేది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే నున్నటి గొట్టం తుపాకి (లోపల గాళ్లు లేని, 12 బోరు వంటిది) ఇవ్వవచ్చు. గురి సాధనకు చెప్పింది .22 రైఫిల్ లేదా ఎయిర్ రైఫిల్, అదీ గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యులకు. మీరు ఒకే తుపాకితో తీర్చుకోవాలనుకున్న రెండు అవసరాలను చట్టం మొదటి నుంచే రెండు దారులుగా చూసింది. అంతకంటే పెద్ద బోరు రైఫిల్ కావాలంటే తగిన కారణం చూపి అధికారిని ఒప్పించుకోవాలి, ఆ బోరు నిషేధిత జాబితాలో లేదని కూడా ముందే తేల్చుకోవాలి.

మీ తమ్ముడు తెచ్చి ఇవ్వడం కుదరదు. బయటి దేశాల నుంచి తుపాకి దిగుమతి చేసుకునే వీలు ప్రధానంగా పేరుపొందిన షూటింగ్ క్రీడాకారులకే ఉంది. ఇక్కడ దొరికే లివర్ యాక్షన్లు ఎప్పుడో వచ్చి చేతులు మారుతున్న పాతవి. వాటిలో .44-40 వంటి బోరు ఉంటే తూటాల కోసం వెతుక్కోవడమే పనైపోతుంది. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల తూటాలు దొరికేది .22, .315, 12 బోరు వంటి వాటికి. అందుకే తూటా ఎక్కడ దొరుకుతుందో చూసుకున్న తర్వాతే తుపాకి గురించి ఆలోచించమంటాను.

పందుల సంగతి ఇంకా ముఖ్యం. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి పంది రక్షణ ఉన్న జంతువే. పంటకు నష్టం చేస్తున్నదని 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి వస్తేనే కొట్టవచ్చు, కొట్టిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. మాంసం ఇంటికి తెచ్చుకుంటే అది నేరం. మన రాష్ట్రంలో ఈ పనికి అటవీ శాఖ జాబితాలో ఉన్న షూటర్లను పిలుస్తారు కాబట్టి, చేను మీది నష్టాన్ని ఫొటోలతో సహా మీ అటవీ రేంజ్ కార్యాలయంలో దరఖాస్తుగా ఇవ్వండి. మీది అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచు ఊరైతే మరింత జాగ్రత్త అవసరం.

అలాంటి పిలుపు మీదే నేను పంది కోసం అచ్చంపేట వైపు ఒక పల్లి చేన్లో రాత్రంతా కూర్చున్నాను. వెన్నెల్లో సాళ్లు సాళ్లుగా మొక్కలు వేళ్లతో సహా తిరగబడి, పచ్చి మట్టి మెరుస్తున్నది. నలభై అడుగుల దూరంలో పంది ముట్టెతో మట్టిని తోస్తుంటే కాయలు నమిలే చప్పుడు స్పష్టంగా వినిపించింది. అయినా నేను ట్రిగ్గర్ నొక్కలేదు. దాని వెనుక వైపున, మోటార్ చూసుకోవడానికి వచ్చిన ఎవరిదో టార్చిలైటు కదిలింది. చిన్నదనుకునే .22 తూటా కూడా ఒకటిన్నర మైలు పోగలదని పెట్టె మీదే ముద్రించి ఉంటుంది. గుట్టలు లేని మన మెట్ట చేలల్లో రైఫిల్ కంటే 12 బోరే నయమని నేను అనడానికి కారణం ఇదే, ఎందుకంటే దాని గుళ్లు అంత దూరం పోవు. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం ఎన్నడూ పెట్టకండి, దానికి పందులకన్నా ముందు మనుషులే బలవుతున్నారు.

డల్లాస్‌లో నల్లగొండ మనిషి:

పాలమూరు అన్న చెప్పింది సరైనది. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే ఊర పందుల సంతతి అడవి పందులను కొట్టడానికి 2019 నుంచి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. మీరు అక్కడ చూసింది ఆ నేల మీద చెల్లుతుంది, మన నేల మీద చెల్లదు.

నా దగ్గర రెండు లివర్ యాక్షన్లు ఉన్నాయి కనుక వాటి గురించి చెబుతాను. ఒకటి .30-30 మార్లిన్. వించెస్టర్ 1894 మోడల్‌ను రూపొందించింది జాన్ బ్రౌనింగ్, దానితో 1895లో వచ్చిన ఈ .30-30 తూటా నూట యాభై గజాల లోపు అడవి పందికి చక్కగా సరిపోతుంది. పాత వించెస్టర్లలో ఖాళీ డొల్ల పైకి ఎగురుతుంది కాబట్టి టెలిస్కోపు బిగించడం ఇబ్బంది, మార్లిన్‌లో పక్కకు పడుతుంది. గొట్టం కింద ఉండే నాళిక మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనుక ఒకటి పడుకుంటాయి. కొన మొనదేలిన గట్టి తూటా ముందున్న దాని ప్రైమర్‌కు (తూటా అడుగున నిప్పు పుట్టించే భాగం) తగిలి, కుదుపుకు లోపలే పేలవచ్చు. అందుకే ఇందులో చదును ముక్కు తూటాలో, మెత్తటి కొన ఉన్న ప్రత్యేక తూటాలో మాత్రమే వాడాలి. ఇది అమ్మేవారు ప్రతిసారీ చెప్పరు.

రెండోది హెన్రీ .22. కాగితం మీద గురికి ఇంతకన్నా ఆనందం ఇచ్చేది నాకు తెలియదు, కానీ దీనితో పందిని కొట్టడం దాన్ని గాయపరచి వదిలేయడమే. ఇంకొక సంగతి, నేల మీద పడుకుని కాల్చేటప్పుడు లివర్ నేలకు తగులుతుంది, ప్రతి తూటాకూ భంగిమ చెదిరిపోతుంది. పోటీల్లోని 50 మీటర్ల రైఫిల్ విభాగంలో ఒక్కో తూటా పెట్టి కాల్చే బోల్ట్ యాక్షన్ (గడియ లాంటి పిడిని లాగి మూసే) .22లు కనిపించడానికి ఇది ఒక కారణం. గురి మీద మీకు నిజమైన ఇష్టముంటే, బోరు .177 మించకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి, దానికి లైసెన్సు అవసరం లేదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం దగ్గర షూటింగ్ రేంజ్ ఉంది.

దేవరకొండ రైతు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రేపే అటవీ రేంజ్ కార్యాలయానికి వెళ్తాను. ఒక్క సందేహం. మా నాయనకు 71 ఏళ్లు, చూపు తగ్గింది. ఆ 12 బోరును నా పేరుకు మార్చుకోవచ్చా?

పాలమూరు నుంచి:

మార్చుకోవచ్చు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఆయన ఉండగానే వారసునికి లైసెన్సు ఇవ్వవచ్చు. మీరు ఫారం ఎ-1లో కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి, మీ నాయన సమ్మతి, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న పత్రం జతచేయాలి, పోలీసు విచారణ ఉంటుంది. మీకు లైసెన్సు వచ్చేదాకా తుపాకి ఆయన స్వాధీనంలోనే ఉండాలి, మీరు ఒంటరిగా చేనుకు తీసుకెళ్లకూడదు. ఆయన లైసెన్సు గడువు ఎప్పటి వరకు ఉందో ఈ రాత్రే పుస్తకం తీసి చూడండి, దాటిపోయి ఉంటే ముందుగా పోలీస్ స్టేషన్‌లో జమ చేయాలి.