సాయంత్రం ప్లగ్ పెడితే కారు సోలార్ మీద నడుస్తున్నట్టేనా?

కొత్తబండి:
ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది, ఈమధ్యే ఎలక్ట్రిక్ కారు కొన్నా. పగలంతా కారు ఆఫీసు దగ్గరే, ఏడింటికి ఇంటికి రాగానే చార్జింగ్ పెట్టేస్తా. నెట్ మీటరింగ్‌లో (మనం గ్రిడ్‌కి పంపిన కరెంటును వాడుకున్నదాంట్లోంచి తీసేసే లెక్క) బిల్లు దాదాపు ఏమీ రావట్లేదు కాబట్టి కారు ఎండతోనే నడుస్తోందని నా లెక్క. మా తమ్ముడేమో అది కాగితం మీద లెక్కే అన్నయ్యా అంటున్నాడు. పగటి సోలార్ దాచుకోవడానికి ఇంట్లో వేరే బ్యాటరీ పెట్టించాలా?

లోడ్‌షెడ్డింగ్:
మీ తమ్ముడే రైటండీ. మీటరు నెలాఖరున కూడి తీసేస్తుంది గానీ గ్రిడ్‌లో ఏ క్షణం వాడకానికి ఆ క్షణమే ఉత్పత్తి ఉండాలి. మధ్యాహ్నం సోలార్ మిగిలిపోతుంది, పొద్దు గూకేసరికి అది పడిపోతుంది, సరిగ్గా అప్పుడే అందరిళ్లలో వాడకం లేస్తుంది. కాలిఫోర్నియా గ్రిడ్ వాళ్లు 2013లో ఇది గ్రాఫ్‌గా గీసి చూపిస్తే బాతులా ఉందని డక్ కర్వ్ అన్నారు. మీరు ఏడింటికి ప్లగ్ పెట్టడమంటే ఆ బాతు మెడ, అంటే సాయంత్రం పైకి లేచే గీత, ఇంకా పొడుగు చేయడమే.

బ్యాటరీ ఖర్చు ఇప్పుడే వద్దు. రోజుకి 30 కిలోమీటర్లు తిరిగితే సుమారు 5 యూనిట్లు, 3.3 కిలోవాట్ల చార్జర్‌కి గంటన్నర పని. మిగతా టైమంతా బండి ఖాళీగానే ఉంటుంది కదా! ఆఫీసులో పగలు పెట్టే వీలుంటే దాన్ని మించింది లేదు, లేదంటే టైమర్ పెట్టి అందరి వాడకం తగ్గే అర్ధరాత్రి దాటాక.

పవర్‌పాండు:
టైమర్ మంచిదే, కానీ వీధిలో అందరూ పన్నెండుకే పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద కొత్త పీక్ (ఒక్కసారే పెరిగిపోయే వాడకం) తయారవుతుంది. బ్రిటన్‌లో అందుకే 2022 నుంచి ఇంటి చార్జర్లు పది నిమిషాల వరకు ఎవరిది వాళ్లకి తేడాగా ఆలస్యంగా మొదలవ్వాలని రూల్ పెట్టారు. మీరు పన్నెండూ పదిహేడు లాంటి టైము పెట్టుకోండి.

సెలవు రోజు పగలు చార్జ్ చేస్తే ఇంకోటి గమనించండి: మామూలు ఏసీ చార్జర్ 6 ఆంపియర్ల కన్నా కిందికి దిగదు, అంటే దాదాపు 1.4 కిలోవాట్లు. మబ్బు పట్టి మీ సోలార్ అంతకన్నా తగ్గితే చార్జింగ్ ఆగుతుంది, లేదా లోటు గ్రిడ్ నుంచి లాగుతుంది.

కొత్తబండి:
థాంక్యూ. ఆఫీసులో అడుగుతా. కారు నుంచే రాత్రి ఇంటికి కరెంటు తీసుకోవచ్చంటారు, నిజమేనా?

లోడ్‌షెడ్డింగ్:
నిజమే, కానీ కారూ చార్జరూ రెండూ రెండువైపులా పనిచేసేవి అయ్యుండాలి. కారూ చార్జరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతికి, దీన్ని కూడా కలిపిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15118-20 2022లోనే వచ్చింది, చాలా కార్లలో ఇంకా లేదు. మామూలు సాకెట్‌లోకి వెనక్కి పంపే ప్రయోగాలు మాత్రం చేయకండి, లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణాల మీదకొస్తుంది.