ఫోటో వివరాలు వికీ మూసను పాడుచేయకుండా ఎలా?

ప్రశ్న: మా మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) సైటులో హైదరాబాద్ మెట్లబావుల ఫోటోలు పెడుతున్నాం. ఫోటో ఫైల్లోనే దాగి ఉండే ఎగ్జిఫ్ వివరాన్ని బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రాం) తీసి, మూసకు (పేజీల్లో మళ్ళీ మళ్ళీ వాడే అచ్చుకు) పరామితిగా, అంటే అందులో నింపే విలువగా రాస్తుంది. బన్సీలాల్‌పేట బావి ఫోటో వివరంలో ఎవరో జంట చదరపు బ్రాకెట్లలో వర్గం పేరు రాశారు, పేజీ వెళ్లి ఆ వర్గంలో చేరింది! ఎవరు రాసిందో తెలియని మాట మా పేజీని నడపడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

జవాబు: లువా మాడ్యూల్‌లో (వికీలోనే రాసే చిన్న ప్రోగ్రాంలో) ఆ వివరాన్ని ఎమ్‌డబ్ల్యూ.టెక్స్ట్.నోవికీ ఫంక్షన్ గుండా పంపండన్నా. బ్రాకెట్లు మామూలు అక్షరాల్లా కనబడతాయి, అంతే.

మరో జవాబు: అది సగం పనే. పరామితుల్ని విడదీసే నిలువు గీత, మూసను పిలిచే జంట మీసాల బ్రాకెట్లు మాడ్యూల్‌కు చేరకముందే పనిచేసేస్తాయి. వివరాల్ని జేసన్ (డేటా దాచే ఒక రూపం) పేజీలో పెట్టి, ఎమ్‌డబ్ల్యూ.లోడ్‌జేసన్‌డేటాతో చదివి, అప్పుడు నోవికీ చేయండి. వికీ పాఠాన్ని విప్పి నడిపే ఫ్రేమ్:ప్రీప్రాసెస్‌కు మాత్రం ఆ పాఠం ఇవ్వొద్దు, అందులోని మూసలు నిజంగానే నడుస్తాయి.

ప్రశ్న అడిగినవారు: ఫోటో తీసినవారి పేరు వెతుకులాట లింకులో కూడా వస్తుంది. దానికీ నోవికీయేనా?

జవాబు: కాదన్నా, అక్కడ అక్షరాల్ని లింకులో ఇమిడేలా మార్చే ఎమ్‌డబ్ల్యూ.యూఆర్ఐ.ఎన్‌కోడ్.