ఐదో తరగతి పిల్లవాడిని ఏడులో కూర్చోబెట్టాలా?

రాజోలు అమ్మ:
మావాడికి పదో ఏడు. ఊరి బళ్లో ఐదో తరగతి. టీచరు చెప్పకముందే లెక్క చేసేసి కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ కూర్చుంటాడట. హెడ్మాస్టారు వచ్చే జూన్‌లో ఏకంగా ఏడులో వేద్దామంటున్నారు. మా మరిది భీమవరంలో ఐఐటీ ఫౌండేషన్ హాస్టల్లో చేర్పించమంటాడు. మా అత్తగారికి రెండూ ఇష్టం లేదు, దిష్టి తగులుతుందని భయం. ఏది మంచిదంటారు?

ఫౌండేషన్ లెక్చరర్:
మీ మరిది గారి మాటే నా మాటానూ. ఊళ్లో వాడికి పోటీ ఎవరున్నారు? వంద ప్రశ్నలు ఎన్ని నిమిషాల్లో చేస్తాడో చూడండి, సత్తా తెలిసిపోతుంది. ఆరో తరగతి నుంచే పునాది పడితే ఇంటర్‌కు వచ్చేసరికి ఎదురుండదు.

విశ్రాంత లెక్కల మాస్టారు:
నిమిషాలు లెక్కపెడితే తెలిసేది వేగం. వేగం సాధనతో ఎవరికైనా వస్తుంది, అబాకస్ క్లాసులు నడిచేది అందుకే. చూడవలసింది వేరే ఉంది.

మా ఊళ్లో రొయ్యల రైతు కొడుకొకడు ఉండేవాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు అని మనవైపు అందరికీ తెలిసిందే. క్లాసులో అడిగాను: "చెరువులో సగం 40 కౌంటు, సగం 60 కౌంటు. కలిపి పడితే ఎంత?" అందరూ 50 అని అరిచారు. వీడొక్కడే, "సగమంటే తూకంలోనా, లెక్కలోనా మాస్టారూ?" అన్నాడు. తూకంలో సగమైతే 50 సరైనదే. లెక్కలో సగమైతే? వాడు పలకమీద రాసింది ఇది: రెండు రకాలూ 120 చొప్పున అనుకుంటే 3 కిలోలు, 2 కిలోలు. 5 కిలోలకు 240 రొయ్యలు. కాబట్టి 48. అందరికంటే ఆలస్యంగా చెప్పాడు. నా దృష్టిలో ప్రజ్ఞ అంటే ఆ ఎదురు ప్రశ్న.

ఇక కొలవడం సంగతి. ఐదో తరగతి పేపరులో వందకు వంద వస్తే వాడెక్కడిదాకా వెళ్లగలడో ఏమీ తెలియదు, పేపరు అక్కడితో అయిపోయిందంతే. అమెరికాలో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వవేత్త 1971లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో లెక్కల్లో చురుకైన పిల్లల మీద మొదలుపెట్టిన అధ్యయనానికి కీలకం ఇదే. కాలేజీ ప్రవేశానికి పెద్ద పిల్లలు రాసే శాట్ పరీక్షను పన్నెండు, పదమూడేళ్ల వాళ్లచేత రాయించారు. అప్పటిదాకా ఒకే మార్కులతో కనిపించిన పిల్లల మధ్య తేడాలు బయటపడ్డాయి. మీరూ ఎనిమిదో తరగతి పుస్తకం చేతికివ్వండమ్మా. ఎక్కడ ఆగుతాడో, ఎందుకు ఆగుతాడో రాసిపెట్టుకోండి.

తరగతి దాటించడానికి మాత్రం నేను ఒప్పుకోను. నవోదయ ఆరో తరగతి ప్రవేశపరీక్ష రాయాలంటే ఆ ఏడాది ఐదు చదువుతూ ఉండాలి, ముందు తరగతులూ ఏడాది చొప్పున పూర్తిగా చదివి ఉండాలి. ఇప్పుడు రాయిస్తే పెద్దాపురం నవోదయ దారి తెరిచి ఉంటుంది. తొందరపడి దాటించారా, అది మూసుకుపోయినట్టే. లెక్కల పీరియడు ఒక్కటీ హైస్కూల్లో కూర్చోబెడితే చాలు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో, తర్వాత పెద్ద గణితవేత్త అయిన టెరెన్స్ టావ్‌ను చిన్నతనంలో అలాగే ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో తరగతిలో కూర్చోబెట్టారు. 1988లో పదమూడేళ్లకు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో స్వర్ణం తెచ్చాడు.

పాలకొల్లు ఇంజనీరు:
మాస్టారూ, అడిలైడ్ సంగతి బాగుంది. మన పల్లెలో హైస్కూలు కాలవ అవతల ఉంటే రోజూ లెక్కల పీరియడుకు వాడిని ఎవరు తీసుకెళ్లి తీసుకురావాలి? తల్లి కూలి మానుకోవాలా? నన్ను చిన్నప్పుడు రెండు తరగతులు దాటించారు. చదువుకు ఏ లోటూ రాలేదు. కబడ్డీలో మాత్రం ఏ జట్టూ పిలిచేది కాదు, అయినా బతికిపోయాను. పైగా స్టాన్లీ పిల్లలను తర్వాత దశాబ్దాలపాటు గమనించారు. ముందుకు జరిపినవాళ్లు చెడిపోలేదనే తేలింది. మీరు ఆ సగం చెప్పలేదు.

విశ్రాంత లెక్కల మాస్టారు:
నిజమే, చెప్పవలసిందే. నా అభ్యంతరం తరగతి దాటడం మీద కాదు, నవోదయ ముందర దాటడం మీద. కాలవ విషయంలో మీరన్నది న్యాయం. అలాంటప్పుడు హైస్కూలు మాస్టారే శనివారం ఒక గంట ఇటు రావచ్చు. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఆచంట టీచరు:
లెక్కలొక్కటే తోసుకుంటూ పోవడమూ ప్రమాదమే. రామానుజన్ అంతటివాడు కుంభకోణం కాలేజీలో మిగతా సబ్జెక్టులు వదిలేసి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. ఇంకో మాట, ఆడపిల్ల అయి ఉంటే ఈ చర్చ ఇంతదూరం వచ్చేదా? మా బళ్లో ఒక పిల్లకు ఇంతకంటే ఎక్కువ తెలివి. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించాను. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయని చెప్పాకే వాళ్ల నాన్న పెళ్లి మాట వాయిదా వేశాడు.

రాజోలు అమ్మ:
ఎనిమిదో తరగతి పుస్తకం ఇచ్చాను మాస్టారూ. సమీకరణాలు తనే చేసుకున్నాడు. చక్రవడ్డీ దగ్గర ఆగాడు. తీరా చూస్తే వాడికి వడ్డీ అంటేనే తెలియదు. మా డ్వాక్రా అప్పు పుస్తకం చూపించి చెప్పాను. ఆ తర్వాత నన్నే అడిగాడు, నెలనెలా వడ్డీ కలిపితే మనకు నష్టమా, ఏడాదికోసారి కలిపితేనా అని.

ఫౌండేషన్ లెక్చరర్:
ఎంతసేపు పట్టింది?

విశ్రాంత లెక్కల మాస్టారు:
ఆయనకు జవాబు చెప్పకండమ్మా. పిల్లవాడిని ఇది అడగండి: వరుసగా వచ్చే మూడు సంఖ్యల మొత్తం ఎప్పుడూ మూడుతో పోతుంది. వరుసగా నాలుగు తీసుకుంటే నాలుగుతో ఒక్కసారీ పోదు, ఐదు తీసుకుంటే మళ్లీ ఐదుతో పోతుంది. ఎందుకు? వాడేమన్నాడో వాడి మాటల్లోనే ఇక్కడ రాయండి.