బోరు నీళ్ల చెరువులో వనామీ రొయ్య గుల్ల విడిచాక చచ్చిపోతోంది, ఉప్పు వేస్తే ఆగుతుందా?

ఉండి రైతు:
నమస్కారమండి, మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి. ఎకరం చెరువు, మీటరు లోతు, బోరు నీళ్లు, సెలైనిటీ (ఉప్పుదనం) 4 పీపీటీ, అంటే లీటరుకి 4 గ్రాముల ఉప్పు. పిల్ల వేసి నెల దాటింది. గుల్ల విడిచిన మర్నాడు పొద్దున్నే కొన్ని చచ్చి కనబడుతున్నాయి, మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రే ఎత్తగానే కొన్ని నడుం వంచేసి మళ్లీ తిన్నగా అవ్వట్లేదు, కండ తెల్లబడుతోంది. వైరస్ టెస్టు నెగెటివ్. పక్క చెరువాయన రాళ్లుప్పు పది బస్తాలు కొట్టెయ్యమంటున్నాడు, సముద్రపు రొయ్యే కదా అని. కానీ మా బావమరిది వేరే ఊళ్లో ఇదే 4 పీపీటీలో పంట తీశాడు. టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

ల్యాబ్ టెక్నీషియన్:
ఉప్పు వద్దండి. మీ చెరువులో నాలుగు వేల టన్నుల నీళ్లున్నాయి, పది బస్తాలు అంటే 500 కేజీలు, పెరిగేది 0.12 పీపీటీ. పైగా అదంతా సోడియమే. సముద్రపు నీళ్లలో సోడియం 28 పాళ్లుంటే పొటాషియం ఒక పాలు ఉంటుంది, మన బోరు నీళ్లలో చాలాచోట్ల సోడియం బాగానే ఉండి పొటాషియం అడుగంటి ఉంటుంది. సెలైనిటీ మీటరుకి ఈ తేడా తెలీదు. మీ బావమరిది బోరు నీళ్లలో పొటాషియం ఉండుంటుంది, అంతే. ముందు పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం టెస్టు చేయించండి.

జువాలజీ లెక్చరర్:
దీని వెనక సంగతి చెప్తాను. వనామీ రక్తంలో ఉప్పు దాదాపు 25 పీపీటీ నీళ్లతో సమానం. మీ చెరువు 4, కాబట్టి మొప్పల గుండా నీళ్లు రాత్రీపగలూ ఒంట్లోకి దూరుతుంటాయి, ఉప్పు బయటికి జారిపోతుంటుంది. పులస గోదావరిలోకి ఎక్కినప్పుడూ ఇదే బాధ, కానీ దాని కిడ్నీలు చప్పటి మూత్రం బోలెడు పోసి ఉప్పుని వెనక్కి దాచుకుంటాయి. రొయ్యకి ఆ వీలు లేదు, దాని మూత్రం రక్తమంత ఉప్పగానే ఉంటుంది, అంటే నీళ్లు బయటికి పంపిన ప్రతిసారీ ఉప్పు కూడా పోయినట్టే. పోయిందంతా మొప్పలే నీళ్లలోంచి లాగాలి, లాగే పంపు పొటాషియం లేకపోతే నడవదు. కండ బిగుసుకోవడం కూడా దాని లోటు వల్లే. గుల్ల విడిచేటప్పుడు ఒళ్లు పెంచుకోవడానికి నీళ్లు మరీ ఎక్కువ పీలుస్తుంది, అందుకే చావులన్నీ ఆ రాత్రే.

ఉండి రైతు:
రిపోర్టు వచ్చిందండి. పొటాషియం లీటరుకి 13 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 140. ఎంత వెయ్యాలి?

ల్యాబ్ టెక్నీషియన్:
పీపీటీని 10.7తో గుణిస్తే కావాల్సిన పొటాషియం, 39తో గుణిస్తే మెగ్నీషియం. మీకు 43, 156 రావాలి. మెగ్నీషియం దగ్గర్లోనే ఉంది, పొటాషియం 30 తక్కువ. మీటరు లోతు ఎకరానికి ఒక్కో మిల్లీగ్రాము పెరగాలంటే ఎంఓపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు) 8 కేజీలు, మొత్తం 240, అంటే ఐదు బస్తాల లోపు. మూడు నాలుగు దఫాలుగా, నీళ్లలో కరిగించి ఏరేటర్లు (నీళ్లకి గాలి పట్టించే చక్రాలు) తిరుగుతుండగా చల్లండి.

ఆక్వా పెద్దాయన:
ఒకసారి వేసి ఊరుకోకండి బాబూ, నల్లమట్టి చెరువైతే పొటాష్‌ని మట్టే పట్టేసుకుంటుంది. రెండు వారాలకి మళ్లీ టెస్టు. గుల్ల విడిచే రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్ రెడీగా ఉందా లేదా, అది కూడా చూసుకోండి.